అవును, ఆ పైపు లాగింది నేనే

మెడికల్ కాలేజీలో చేరే రోజు నింపమని ఇచ్చిన కాగితాల్లో ఒక ప్రశ్న ఉంది. ఇంతకుముందు చదివిన కాలేజీలో మీ మీద ఏదైనా క్రమశిక్షణ చర్య తీసుకున్నారా? పక్కన రెండు గళ్లు, అవును, లేదు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "లేదు అని పెట్టవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను," అంది. నేను అవును గడిలో టిక్కు పెట్టాను. ఇప్పటికీ ఈ సంగతి వస్తే మా చుట్టాలు "ఎంత పొగరే నీకు" అంటారు. పొగరే. ఉంటే ఏం?

ఆ చర్య ఏమిటో ముందు చెప్పాలి. కొండాపూర్ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివాను. ఎండాకాలం వచ్చిందంటే ఈ వైపు బోర్లు ఎండిపోతాయి. గేటెడ్ కమ్యూనిటీలైనా, హాస్టళ్లయినా ట్యాంకర్ల మీదే బతకాలి. ఆ ఏడు మా హాస్టల్లో మనిషికి ఒక్క బకెట్ అన్నారు. స్నానానికీ బట్టలకీ అన్నిటికీ అదే. నెలసరి వచ్చిన పిల్లలు పక్కగదికి వెళ్లి చెంబెడు నీళ్లు అడుక్కోవడం చూశాను. నేనూ అడుక్కున్నాను. వార్డెన్‌కి చెబితే, "ఏందే, గిదేమన్న మీ అత్తగారిల్లా? జర సర్దుకోండ్రి," అంది. ప్రిన్సిపాల్‌కి అర్జీ రాశాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇంతలో పేరెంట్స్ మీటింగ్ వచ్చింది. ఆ పొద్దున గేట్లోంచి ఒక ట్యాంకర్ వచ్చింది. బకెట్లు పట్టుకుని అందరం పరుగెత్తాం. అది మా హాస్టల్ సంపు దాటిపోయి ఆఫీసు ముందున్న ఫౌంటెన్ దగ్గర ఆగింది. అమ్మానాన్నలు వచ్చేసరికి అక్కడ నీళ్లు ఎగరాలట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్లి ట్యాంకర్ పైపు పట్టుకుని సంపు వైపు లాగాను.

"ఏ బిడ్డా, ఏం జేస్తున్నవ్? నా కిరాయి ఇయ్యరు మల్ల!" అని డ్రైవర్ అరిచాడు.

"నీ నీళ్లు ఎక్కడికీ పోవన్నా. ఈ గేటు లోపలే ఉంటాయి."

ఆయన నన్ను చూశాడు, వెనక బకెట్లతో నిలబడ్డ పిల్లల్ని చూశాడు. "ఇగ మీ ఇష్టం. అడిగితే నాకేం తెల్వదంట," అని ఫోన్ చెవిన పెట్టుకుని పక్కకు వెళ్లిపోయాడు. మిగతా పిల్లలు కూడా పైపు పట్టారు. డీన్ గారు పరుగున వచ్చి అడ్డుపడేసరికి పైపు చెయ్యి జారి ఆయన బూట్లూ ప్యాంటూ తడిసి ముద్దయ్యాయి. అది జారడమే, కావాలని చేసింది కాదు. జారినందుకు పెద్దగా బాధపడిందీ లేదు.

ముందు పట్టుకుంది ఎవరని అడిగితే నేనే అన్నాను. వారం రోజులు సస్పెండ్ చేశారు. ఉత్తర్వులో కాలేజీ ఆస్తి దుర్వినియోగం అన్నారు, అవిధేయత అన్నారు. నీళ్లన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

ఇప్పుడు అమ్మ గురించి. మాది భీమవరం వైపు. నాన్న బ్యాంకు ఉద్యోగం అక్కడే. హాస్టల్ వదిలాక అమ్మా నేనూ నల్లగండ్లలో ఉండేవాళ్లం. అమ్మ హైటెక్ సిటీలో ఒక కంపెనీలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేస్తుంది. అంటే ఉద్యోగంలో చేరబోయేవాళ్లు తమ గురించి రాసిందంతా నిజమో కాదో ఆరా తీసే పని. ఈ ఊళ్లో చెయ్యని ఉద్యోగం చేసినట్టు రాసుకోవడం మామూలే. అలా రాసిపెట్టేవాళ్లున్నారు, పాత మేనేజర్నని ఫోన్ ఎత్తి మాట్లాడేవాళ్లూ ఉన్నారు. అమ్మ వాళ్లందర్నీ పట్టేస్తుంది. రాత్రి అన్నం తింటూ, "ఇవాళ ఒకడు దొరికాడే," అని సంబరంగా చెప్పేది. అలాంటి మనిషి నన్ను అబద్ధం రాయమంటోంది!

"మీ ఆఫీసులో నేనిలా అబద్ధం రాస్తే తీసేస్తావా, ఉంచుతావా?" అని అడిగాను.

"అది ఉద్యోగమే. నువ్వు నా కూతురివి."

ఎదుటివాళ్లకి చెప్పేటందుకేగా నీతులు ఉన్నవి!

కౌన్సెలింగ్‌లో వచ్చిన ఆ సీటు కోసం ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చుని రెండోసారి నీట్ రాశాను. ఆ రోజు సాయంత్రానికల్లా చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. నా కాగితాలు తీసుకున్న క్లర్కు టిక్కు చూసి తల పట్టుకున్నాడు. "ఏందమ్మా గిది? ఎవరు చూస్తరు? లేదు అని పెట్టు, ఇంకో ఫారం ఇస్తా. నన్నెందుకు పరేషాన్ చేస్తవ్?" నేను కదల్లేదు. ఆయన గొణుక్కుంటూ ఫైలు వైస్ ప్రిన్సిపాల్ దగ్గరికి పట్టుకెళ్లాడు.

ఆవిడ జరిగిందంతా నా నోట విన్నారు. "సరే. చేసిన తప్పుకు చింతిస్తున్నాను అని కింద ఒక వాక్యం రాయి. సంతకం పెట్టేస్తాను," అన్నారు.

"డీన్ గారి బూట్లు తడిసినందుకు రాస్తాను మేడం. పైపు లాగినందుకు రాయను."

"చిన్నపిల్లండీ, తెలియక చేసిందండి," అంది అమ్మ.

"తెలిసే చేశాను."

"బయట కూర్చోండి," అన్నారావిడ.

కూర్చున్నాం. ధైర్యంగా ఉన్నానని చెప్పను. నా తర్వాత వచ్చినవాళ్లు ఫీజు కట్టేసి నవ్వుకుంటూ పోతున్నారు. ఇంకో ఏడాది ఆ కోచింగ్ గదిలో కూర్చోవడం తలుచుకుంటే ఏడుపొచ్చింది. "గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నావు కదే! నీళ్లన్నీ వాడుకుంది హాస్టల్ పిల్లలంతా, సీటు పోయేది నీది," అని అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపలికి వెళ్లి ఆ ఒక్క వాక్యం రాసేద్దామా అని ఒక క్షణం అనిపించింది. ఆ వాక్యం రాస్తే, చెంబెడు నీళ్లు అడుక్కోవడమే సరైన పని అని నేనే ఒప్పుకున్నట్టు. పోతే పోనీ సీటు అనుకున్నాను.

ఆఫీసు మూసేవేళకి పిలిచారు.

"బహిష్కరించినవాళ్లని చేర్చుకోవద్దని మా నిబంధన. సస్పెండ్ అయినవాళ్లని వద్దని లేదు. అందుకని తీసుకుంటున్నాను, నువ్వు నచ్చి కాదు," అన్నారు వైస్ ప్రిన్సిపాల్ సంతకం పెడుతూ. "దాచిపెట్టి ఉంటే మాత్రం, తెలిసిన రోజున సీటు తీసేసేదాన్ని. ఇక నీ మీద ఒక కన్నేసి ఉంచుతాం."

"ఉంచండి మేడం," అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు కారు అమ్మే నడిపింది. తెల్లాపూర్ దాటాం. ఇక తిట్లు మొదలుపెడుతుందనుకున్నాను. ఉన్నట్టుండి కారు పక్కకి తీసి ఆపేసింది.

"మొన్న ఒక కుర్రాణ్ణి తీసేశానే," అంది. "కాలేజీలో ఏదో గొడవకి సస్పెండ్ చేశారట. లేదు అని రాశాడు. గొడవ చిన్నదే, రాసుంటే వదిలేసేవాళ్లం. దాచాడు కాబట్టి ఆఫర్ వెనక్కి తీసుకున్నాం. ఫోన్లో ఒకటే ఏడుపు. ఇంట్లోవాళ్లే రాయొద్దన్నారు మేడం, అన్నాడు. అందరూ ఇదే చెబుతారులే అని ఫోన్ పెట్టేశాను."

స్టీరింగ్ మీద రెండు చేతులూ అలాగే ఉంచి ఏడ్చింది. ఆఫీసులో పట్టుకున్నవాళ్ల కోసం అమ్మ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

"వాళ్లమ్మే చెప్పి ఉంటుంది కదే," అంది.

నేను ఓదార్చలేదు.

"చెప్పే ఉంటుంది," అన్నాను.