వదిన పాదాలకు ఫేషియల్

మా వదిన ఎవరి మొహాన్నయినా ఒక్కసారి చూస్తే చాలు, అందులో ఏం తక్కువైందో చెప్పేస్తుంది. ఎవరూ అడగక్కర్లేదు. ఇంటి ముందు గదిలో బ్యూటీ పార్లర్ పెట్టిన నాటి నుంచి ఈ వీధిలో ఆమె వంక పెట్టని మొహం లేదు. నా మొహం సంగతైతే తను పెళ్లై వచ్చిన కొత్తలోనే తేల్చేసింది. "అమ్మడూ, మీ అన్నయ్య ముక్కు రాకపోయుంటే బాగుండేదానివి" అంది. నేను ఆడపడుచుని, పైగా ఆ పార్లర్‌లోనే కనుబొమలు దిద్దే పని చేసుకుంటున్నదాన్ని. నవ్వి ఊరుకున్నాను. మర్చిపోయానని మాత్రం అనుకోవద్దు.

అలాంటి మనిషికి షుగరొచ్చింది. దాని వెనకే అరికాళ్ల మంటలూ వచ్చాయి. రోజంతా కస్టమర్ల కుర్చీ వెనక నిలబడి చేసే పని కదా, సాయంత్రమయ్యేసరికి నిప్పుల మీద నిలబడ్డట్టుందని గోడ పట్టుకునేది. ఎవరైనా లోపలికి వస్తే గోడ వదిలేసి నవ్వు తగిలించుకునేది. తన ఒంట్లో బాగాలేదని తెలిస్తే ఇక అందం కోసం తన దగ్గరికి ఎవరొస్తారని ఆమె బెంగ. నిలబడలేకపోతే పార్లర్ లేదు. పార్లర్ లేకపోతే ఇల్లు గడవదు, అన్నయ్య సంపాదన అన్నయ్య షోకులకే చాలదు. ఆ మాటకు నేను కూడా వంక పెట్టలేను.

బలవంతం మీద డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. షుగర్ వల్ల కాళ్ల నరాలు దెబ్బతిన్నాయని చెప్పి ఆవిడ ఒక క్రీమ్ రాసిచ్చింది.

"ఇందులో ఉండేది మిరపకాయ ఘాటేనమ్మా. మొదట్లో మండుతుంది, వాడగా వాడగా తగ్గుతుంది. పల్చగా రాయండి. రాసేముందూ రాశాకా కాళ్లకి వేడి తగలనివ్వకండి. చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి. ఇది నొప్పిని తగ్గిస్తుందే గానీ నరాల్ని బాగుచెయ్యదు. అందుకని రోజూ అరికాళ్లు చూసుకుంటూ ఉండండి."

వదిన బుద్ధిగా తలూపింది. ఆమె చూపంతా డాక్టరమ్మ బుగ్గ మీది మంగు మచ్చ మీదే ఉందని నాకు తెలుసు. బయటికి రాగానే అననే అంది.

"ఎండలో తిరిగేటప్పుడు ఏం రాసుకోవాలో తెలీదు ఆవిడకి. నాకు క్రీమ్ రాయడం నేర్పుతోంది."

ఇన్నేళ్లుగా క్రీములతో కాపురం చేస్తున్న మనిషి. ఏ క్రీమైనా లోపలికి ఇంకాలంటే ముందు చర్మ రంధ్రాలు తెరుచుకోవాలన్నది ఆమె శాస్త్రం. ఫేషియల్‌కి వాడే ఆవిరి మిషన్ కింద పెట్టుకుని రెండు పాదాలకీ చెమటలు పట్టేదాకా ఆవిరి పట్టింది. తర్వాత ఆ క్రీమ్‌ను వేళ్ల నిండా తీసుకుని, కింది నుంచి పైకి, గుండ్రంగా, బుగ్గలకు మర్దన చేసినట్టే చేసింది. డాక్టరమ్మ వేడి వద్దంది కదా అని నేను గుర్తుచేస్తే, "అది మామూలు జనానికి" అంది.

ఆ మాట పూర్తవుతుండగానే మంటకి ఆమె కళ్లు గిర్రున తిరిగాయి. అరుద్దామంటే సరిగ్గా అప్పుడే ఇంటి ఓనరమ్మ ఫేషియల్ కోసం వచ్చి కుర్చీలో వాలింది. వదిన చేతులు కుళాయి కింద ఇలా పెట్టి అలా తీసి పని మొదలుపెట్టింది. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ, పళ్లు బిగపట్టి, ఓనరమ్మ బుగ్గలు పామింది. కాసేపటికి ఓనరమ్మ, "మొహం మండుతోందేమిటే" అంది.

"గ్లో వస్తోందండీ" అంది వదిన.

గ్లో ఎంతగా వచ్చిందంటే ఓనరమ్మ రెండు రోజులు గుమ్మం దాటలేదు. కొత్త రకం ఫ్రూట్ ప్యాక్ పడలేదని వదిన నమ్మించింది. నేను వంటింట్లోకి వెళ్లి కడుపుబ్బా నవ్వుకున్నాను.

రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ క్రీమ్ మాన్పించి, నొప్పి తెలియకుండా మొద్దుబార్చే మందు పట్టీలు ఇచ్చింది. నొప్పి ఉన్నచోట అంటించుకుని పగలంతా ఉంచి, రాత్రికి తీసెయ్యాలి, చర్మం తెగినచోట వెయ్యకూడదు అంది. అరికాళ్లు చూసుకోమని మళ్లీ చెప్పింది. ఇవి వదినకు తెగ నచ్చాయి. కత్తెరతో పాదం ఆకారానికి తీరుగా కత్తిరించి అంటించుకునేది. రాత్రి తీసేటప్పుడు మాత్రం వ్యాక్సింగ్ పట్టీ లాగినట్టు ఒక్క లాగు లాగేది. చూస్తుంటే నాకే ఒళ్లు జలదరించేది.

కొన్నాళ్లకు గోడ పట్టుకోవడం మానేసింది. మంటలు పోయాయంది. ఇక ఆమెను పట్టేవాళ్లు లేరు. ఒంట్లో బాగాలేదని ఎవరికీ తెలియనివ్వని మనిషి, ఇప్పుడు వచ్చిన ప్రతి కస్టమరుకూ మోకాళ్ల దగ్గర్నుంచి మెడల దాకా పట్టీల వైద్యం చెప్పసాగింది. అరికాళ్లు చూసుకున్నావా అని నేనడిగితే, "ఊళ్లోవాళ్ల మొహాలు చూడ్డానికే తీరిక లేదు, నా కాళ్లు చూసుకుంటూ కూర్చోనా" అనేది.

నిన్న పార్లర్ ఊడుస్తుంటే నేల మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. నెయిల్ పాలిష్ ఒలికిందనుకుని రిమూవర్ తెచ్చాను. దాంతో పని లేకుండానే తడిగుడ్డకే పోయాయి. ఎక్కణ్ణుంచి వచ్చాయా అని చూస్తే, వదిన నడిచినంత మేరా ఉన్నాయి.

"వదినా, ఓసారి కూర్చుని కాలు చూపించు" అన్నాను.

విసుక్కుంటూ కూర్చుని కాలు నా ఒళ్లో పెట్టింది. మడమలో పిన్నీసు దిగి ఉంది. విరిగిన ముక్క, సగానికి పైగా లోపలే ఉంది. చుట్టూ చర్మం వాచి నల్లబడింది. ఎన్నాళ్ల నుంచి ఉందో. నేను దాన్ని బయటికి లాగుతుంటే ఆమె తాపీగా అద్దంలో తన కనుబొమలు చూసుకుంటోంది.

"ఇవాళ పట్టీ ఎప్పుడు తీశావు?" అన్నాను.

"పట్టీలెక్కడివి, మానేసి చాలా రోజులైంది. నొప్పే లేనప్పుడు ఎందుకవి."

నెత్తుటి పిన్నీసును ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చూసింది, మడమను చూసింది, మళ్లీ దాన్ని చూసింది. నాకు చాలా భయం వేసింది. ఆమె మొహంలో రంగు పోతుంటే ఇంకా భయం వేసింది. రెండో కాలు కూడా ఒళ్లోకి లాక్కుని బొటనవేలితో అరికాలు నొక్కాను.

"ఊరికే పట్టుకుని కూర్చున్నావేంటి అమ్మడూ" అంది వదిన. "నొక్కి చూడు."

నేను అప్పటికే ఉన్న బలమంతా పెట్టి నొక్కుతున్నాను.