మామ వెతికిన తెల్ల వైన్

మామ పోయాడన్న కబురు నాకు ఆలస్యంగా అందింది. నేను పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు, గేటు దగ్గరే పెట్టి వెళ్లాలి. టీ విరామంలో బయటికి వచ్చి చూస్తే అత్త దగ్గర్నుంచి వరసగా కాల్స్ ఉన్నాయి. తిరిగి చేస్తే ఆమె ఏడవలేదు. "మీ మామ పోయిండు బిడ్డా. చాయ్ పట్టుకొని పోయి లేపితే లేస్తలేడు" అంది. హైవే మీద లారీలు పోతూనే ఉన్నాయి. ఫోను చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

మామ మా అమ్మకు అన్న. పేరు ప్రతిష్ఠలున్న మనిషి కాదు. చివరి ఏళ్లలో ఆయన వెతికింది కూడా చాలా చిన్న వస్తువు. తన నాలుకకు నచ్చాలి, తన జీతానికి భారం కాకూడదు, అలాంటి ఒక వైన్. ఈ మాట చెబితే మా చుట్టాల్లో నవ్వేవాళ్లు ఉన్నారు. ఆ వెతుకులాటలో ఆయన వెంట తిరిగినవాణ్ని కాబట్టి నాకు నవ్వు రాదు.

కంది దగ్గర మామకు ద్రాక్షతోట ఉండేది. అనాబ్‌షాహీ పందిళ్లు. కాయ పండితే ఆకుపచ్చ పోయి తేనెరంగు తిరిగేది. కోతల రోజుల్లో అత్త, మామ చీకటితోనే తోటకు పోయి, ఎండ ముదిరేలోపు బుట్టలు నింపి బండికెక్కించేవారు. ఆ తర్వాత బోర్లు ఒకటొకటిగా ఎండిపోయాయి. పక్కవాళ్ల భూములు ప్లాట్లయ్యాయి. తీగలు పందిరి మీదే ఎండిపోయాక మామ కూడా అమ్మేశాడు. పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకుని ఒక ఫ్యాక్టరీ స్టోర్లో పనికి చేరాడు. తోట గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. అత్త ఎత్తితే మామ లేచి బయటికి పోయేవాడు. కొన్నాళ్లకు ఆమె ఎత్తడం మానేసింది.

తాగుడు అప్పుడే మొదలైంది. షిఫ్టు దిగి తోటివాళ్లతో హైవే పక్కన నిలబడి, ఏది చవకైతే అది తాగేవాడు. నీళ్లు కలిపాడో లేదో కూడా చూసుకునేవాడు కాదని ఆ తోటివాళ్లే చెప్పారు. ఒక వానాకాలం అత్త బట్టలు సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది. అరవలేదు, ఎవరి మీదా చెప్పలేదు. ఆయన మానేదాకా పోనని అమ్మతో అంది, అంతే. కొన్ని వారాల తర్వాత మామ వచ్చాడు. లోపలికి రాకుండా గడప దగ్గరే కూర్చున్నాడు. "బంద్ చేసిన. నమ్మబుద్ధయితే రా. లేకుంటే ఇంకొన్ని దినాలు సూసి రా" అన్నాడు. ఆమె ఇంకొన్ని రోజులు చూసే వెళ్లింది.

మామ మాట తప్పలేదు. చాలాకాలం చుక్క ముట్టలేదు. ఆ ఫ్యాక్టరీలోనే నాసిక్ వైపు నుంచి వచ్చిన ఒక ఫిట్టర్ ఉండేవాడు. సెలవుకు ఊరెళ్లి వస్తూ మామకు ఒక ఎర్ర వైన్ సీసా తెచ్చి ఇచ్చాడు. ద్రాక్ష పండించిన మనిషివి, ఇది రుచి చూడకపోతే ఎట్లా అన్నాడట. మామ దాన్ని మూత తీయకుండా ఇంటికి తెచ్చి అత్త ముందు పెట్టాడు. ఆ ఆదివారం నేను అక్కడే ఉన్నాను. అత్త ముఖం నల్లబడింది. ఏ పేరు పెట్టినా మందు మందేనంది.

"నువ్వే ఉంచుకో సీసా" అన్నాడు మామ. "నువ్వు పోస్తేనే తాగుత. పొయ్యకుంటే లేదు. అడగ గూడ అడగ."

ఆమె దాన్ని బీరువాలో చీరల వెనక పెట్టి తాళం వేసింది. ఆయన నిజంగానే అడగలేదు. కొన్ని వారాల తర్వాత మటన్ వండిన రోజు, ఎవరూ ఏమీ అనకుండానే ఆమె సీసా తీసుకొచ్చి చిన్న గ్లాసులో పిల్లలకు దగ్గు మందు పోసినంత పోసింది. మామ ఒక గుటక మింగి, నేరేడుకాయ నమిలినట్టు వగరుగా ఉందన్నాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు. "కానీ ఎన్కకెళ్లి ఏదో వస్తున్నదిరా అల్లుడా. ఏందో దొరుకుత లేదు" అన్నాడు.

ఆ దొరకనిదాని కోసమే మా తిరుగుడు. నెలకొకసారి, జీతాలు పడ్డాక, ఒక సీసా. ప్రతి చౌరస్తాలో వైన్స్ అని పెద్ద బోర్డు ఉంటుంది కానీ లోపల వైన్ అడిగితే దుకాణదారుడు మమ్మల్ని ఎగాదిగా చూసేవాడు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని ఒకాయన అడిగాడు. పై అరలో ఏ మూలనో దుమ్ముకొట్టుకుని ఉన్న సీసాను స్టూలెక్కి తీసి ఇచ్చేవారు. ఎండ తగిలే అరలో నిలబెట్టిన సీసా కొనొద్దని మామ త్వరలోనే తెలుసుకున్నాడు. అది లోపల చచ్చిపోయి ఉంటుందనేవాడు.

అన్నిటికన్నా చవకైన తియ్యటి ఎర్ర రకం మొదట తెచ్చాం. జ్వరం మందులా ఉందని పక్కన పెట్టాడు. ఆ తర్వాత తెచ్చినది కారం కూరతో తాగితే నోరు మండి చేదెక్కింది. అదే మరునాడు ఉత్త పప్పన్నంతో తాగితే మెత్తబడింది. అప్పట్నుంచి సీసా కన్నా ముందు కూర ఏమిటని అడిగేవాడు. ఒక పండక్కి నేను గొప్పకు పోయి ఖరీదైనది తెచ్చాను. మర్యాదగా తాగి, దీని వాసన ఎవరి ఇంటిదో, మన ఇంటిది కాదన్నాడు. నా ముఖం చూసి, "దుకాణపోడి నాలుక వేరు, నీ నాలుక వేరురా. నీకు నచ్చిందే మంచిది. పైసలు రుచిని తేవు" అని నవ్వాడు. తెరిచిన సీసా నాలుగు రోజులకే పులిసిపోతుంటే, మిగిలినదాన్ని చిన్న సీసాలో మెడదాకా నింపి, గాలికి చోటు లేకుండా బిగించి ఫ్రిజ్‌లో పెట్టేది అత్త. పోసేది ఎప్పుడూ ఆమే. ఆయన రెండోసారి గ్లాసు చాచడం నేను చూడలేదు.

చివరికి దొరికింది పటాన్‌చెరు బస్టాండు దగ్గరి దుకాణంలో. తెల్ల వైన్, ధర మామూలే, కొంచెం తీపి. వేసవి సాయంత్రం బాగా చల్లబరిచి, వేడివేడి శనగ గుడాలతో పోసింది అత్త. మామ ఒక గుటక వేసి గ్లాసు కింద పెట్టాడు. "గిదే" అన్నాడు. అత్త ఎందుకో చీర కొంగుతో నోరు మూసుకుని నవ్వింది. మామ అంత నెమ్మదిగా గుడాలు తినడం కూడా అప్పుడే చూశాను, ఒక్కో గింజ నములుతూ.

ఆ వానాకాలమే ఆయన కాళ్లు వాచాయి. కళ్లు పచ్చబడ్డాయి. సంగారెడ్డిలో డాక్టర్ స్కానింగ్ చేయించి, లివర్ ఎప్పుడో చెడిందని, పాత తాగుడు తాలూకు దెబ్బ ఇప్పుడు బయటపడిందని చెప్పాడు. ఇక ఏ రూపంలోనూ ఒక్క చుక్క కూడా కూడదన్నాడు. బయటికి వచ్చి బస్సెక్కాం. మామ కిటికీ వైపు కూర్చున్నాడు. చాలాసేపటికి, "రుచి తెల్వనప్పుడు బిందెలకు బిందెలు తాగిన. రుచి తెలిసినంక చుక్క గూడ వద్దన్నరు" అన్నాడు. ఫిర్యాదులా అనలేదు. ఎవరి సంగతో చెబుతున్నట్టు అన్నాడు.

ఫ్రిజ్‌లో ఆ తెల్ల వైన్ కొంచెం మిగిలి ఉంది. అత్త దాన్ని పారబోయబోతే మామ వద్దన్నాడు. తాను తాగనని, ఆమెనే తాగి ఎట్లుందో చెప్పమని అడిగాడు. ఆమెకు కోపం వచ్చింది. జీవితమంతా ఆ వాసనను అసహ్యించుకున్న మనిషి. వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా పెట్టింది. తర్వాత తనే గ్లాసు పట్టుకుని వచ్చి మంచం పక్కన కూర్చుని, ముఖం తిప్పుకుని ఒక గుటక మింగింది. ఏముంది, పుల్లగుంది అంది.

"జెర ఆగు" అన్నాడు మామ. "మింగినంక ఏమొస్తున్నదో సూడు."

ఆమె ఆగింది. చాలాసేపు గ్లాసులోకే చూసింది. "పొద్దంత కాయలు కోసి, చేతులు కడగకుంట అట్లనే గట్టు మీద కూసుంటుంటిమి సూడు. అప్పుడు అరచేతులకు ఉంటుండె గా వాసన" అంది.

మామ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను లేచి బయటికి వచ్చేశాను. లోపల నుంచి వాళ్ల మాటలు వినబడుతున్నాయి. ఏ గట్టు, ఏ ఏటి పంట, ఏ పందిరి కూలిన సంగతి. అన్నేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాటలు. సీసా ఉన్నన్ని సాయంత్రాలు అట్లాగే సాగిందట. ఆమె గుటక వేసి చెప్పేది, ఆయన వినేవాడు. అయిపోయాక ఇంకొకటి తేనా అని నేను అడిగితే అత్త తల అడ్డంగా ఊపింది.

తర్వాతి నెలల గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఉప్పు లేని కూర, ఉబ్బిన కడుపు, ఆసుపత్రికి పోవడం, రావడం. పలకరించబోతే నవ్వేవాడు గానీ ఆ నవ్వుకు బలం చాలేది కాదు.

పిట్టకు పెట్టే రోజున, కాకి ముట్టడానికి అన్నం పెట్టే రోజున, చుట్టాలు మామ కోసం విస్కీ తెచ్చారు. మా దిక్కు చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ పెడతారు, మగవాళ్లకు మందు కూడా. అత్త దాన్ని పక్కన పెట్టమంది. నేను ముందురోజే పటాన్‌చెరు వెళ్లాను. ఆ రకం ఇప్పుడు రావడం లేదని చెప్పి దుకాణదారుడు వేరే తెల్ల వైన్ ఇచ్చాడు. అత్త మూత తీసి వాసన చూసి, "గిది గది కాదు" అంది. అయినా మోదుగాకు దొప్పలో తనే పోసింది.

కంది శివారులో, ఒకప్పటి మామ తోట దగ్గర, ప్లాట్ల ప్రహరీ గోడ పక్కన, అన్నం, మటన్, గారెలు, దొప్ప పెట్టి అందరం దూరం జరిగాం. చాలాసేపటికి ఒక కాకి వచ్చింది. మటన్ ముక్క ఎత్తుకుని గోడ మీదికి ఎగిరిపోయింది. అందరూ హమ్మయ్య అనుకుని బండ్ల వైపు నడిచారు. అత్త మాత్రం అక్కడే నిలబడింది. ఇగ పోదాం పా అని తనే అంది కానీ కదలలేదు. హైవే మీదుగా వచ్చిన గాలికి దొప్ప కొద్దిగా వాలింది. వైన్ ఆకు అంచుదాకా జారి, అక్కడ ఆగి, సన్నటి ధారగా ఎండిన మట్టిలోకి ఇంకడం మొదలుపెట్టింది.