అత్త తిప్పిన కుర్చీ

మా పుంగనూరు మేనత్త సీరియల్ చూసే తీరే వేరు. కోడలు ఏడుస్తా మొగుడి కాళ్ల మీద పడిందంటే, ప్లాస్టిక్ కుర్చీని గిర్రున తిప్పి టీవీకి వీపు పెట్టేది. "ఆ పిల్ల తలెత్తినాక పిలవండి, అప్పుడు సూస్తా" అనేది. మేం పడీపడీ నవ్వేవాళ్లం.

మదనపల్లెలో నా పెండ్లి. నలుగు పెట్టే వేళకు, మొగుడు లేని మనిషని పెదనాన్న మా అమ్మను పక్కకు పొమ్మన్నాడు. ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. అత్త మాకు వీపు పెట్టి కూర్చునింది.

"యాలమ్మా అట్ల తిరిగి కూర్చున్నావు?" అన్నాడు పెదనాన్న.

"వదిన పసుపు పెడితేనే సూస్తా, అన్నా."

ఆమె వెనక ఆడవాళ్ల కుర్చీలు ఒక్కొక్కటే తిరిగినాయి. మంటపం నిండా వీపులే. పెదనాన్నే పోయి అమ్మను పిలుచుకొచ్చినాడు.

తొలి పసుపు అమ్మే నా చెంపకు రాసింది. అత్త కుర్చీ ఇటు తిప్పుకుని, కన్నార్పకుండా చూసింది.