వైష్ణవి పాటలో లేని డ్రమ్ము

తమిళనాడులోని పొదటూరుపేటలో దామోదరన్ ఉండే వీధికి నిశ్శబ్దంతో పెద్దగా పరిచయం లేదు. తెల్లారింది మొదలు పది ఇళ్లలో మరమగ్గాలు దడదడలాడుతూనే ఉంటాయి. మగ్గాన్ని అక్కడ తారి అంటారు. ఆ మోత గోడల్లోకి ఇంకి, చెంబులో నీళ్లు కూడా సన్నని వలయాలు కడతాయి.

ఆ మోతలోనే దామోదరన్ పాటలు వింటాడు. ఇంట్లో కూర్చుని ఫోనులో, కంప్యూటర్లో పాటలు తయారుచేసేవాళ్ల గ్రూపులో ఆయన ఒకడు. ఆయన చేసిన పాటను చివరిదాకా విన్నవాళ్లు లేరు. ఆయన రాసే మాట కోసం మాత్రం అందరూ కాచుకుంటారు. వాయిస్ మెసేజ్ పెడితే మగ్గమే వినిపిస్తుంది కాబట్టి ఒంటివేలితో టైపు కొడతాడు. "నడిమిలో పోగు తెగింది, ముడెయ్యి నాయనా." "అంచు బలే కుదిరింది." సగం మందికి అర్థం కాదు. అయినా ఎవరో తమ పాటను చేత్తో తడిమి చూసినట్టుంటుంది.

ఒక పొద్దున పొన్నేరి నుంచి వైష్ణవి అనే అమ్మాయి తన మొదటి పాట పెట్టింది. కింద రాసింది: "బాగాలేకపోతే సాయంత్రం తీసేస్తా. మళ్లీ చెయ్యను."

దామోదరన్ మగ్గం పక్కనే నిలబడి, ఫోను చెవికి ఆనించుకుని విన్నాడు. "బలే ఉండాది తల్లీ! ఆ డ్రమ్ము కోసమే నాలుగు తూర్లు వింటి."

మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. "అన్నా, నా పాటలో డ్రమ్మే లేదు. ఎగతాళి దేనికి, బాగాలేదని చెప్పొచ్చు గదా. సాయంత్రం దాకా ఎందుకు, ఇంకో గంటలో తీసేస్తా."

దామోదరన్ ఆ మాట రెండుసార్లు చదివాడు. "ఏమే సుమతీ, డ్రమ్ము లేదంట!"

"యాడ నిలబడి విన్నావు?" అంది భార్య.

"ఈడే, తారి కాడ."

సుమతి మగ్గం వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. "ఇన్నాళ్లూ ఎంతమంది డ్రమ్ముల్ని పొగిడినావయ్యా?"

దామోదరన్ లెక్కపెట్టబోయి, భయమేసి మానుకున్నాడు. తన మగ్గం ఆపాడు. గోడ అవతల బావ తణికైవేల్ మగ్గం ఆగలేదు. పరుగెత్తాడు.

"బావా, ఐదు నిమిషాలు తారి ఆపు."

"ఎందుకప్పా, ఎవరన్నా పోయినారా?"

"ఒక పాట వినాల."

"నీ పాటా?"

"నాది కాదు."

"అట్లయితే ఆపుతా."

అదే మాట తక్కిన ఇళ్లలోనూ పనిచేసింది. ఒక్కో మగ్గం ఆగుతుంటే వీధి మీద నిశ్శబ్దం మెల్లగా వాలింది. ఎవరింట్లోనో తాలింపు చిటపట వినిపించింది. ఎదురింటి ముసలమ్మ బయటికొచ్చి "కరెంటు పోయిందా?" అంది.

అరుగు మీద ఫోను పెట్టి అందరూ విన్నారు. నిజంగానే డ్రమ్ము లేదు. అది ఉండాల్సిన చోట్ల చిన్న చిన్న ఖాళీలున్నాయి, తలుపులు తీసిపెట్టిన గదుల్లా. ఆ ఖాళీల్లో తణికైవేల్ మడమ నేలను తడుతోంది. దామోదరన్ చుట్టూ చూశాడు. అందరి మడమలూ తడుతున్నాయి.

ఆ రోజు గ్రూపు మొదటిసారి ఆయన గొంతు విన్నది. "తల్లీ, తప్పు నాది. నేను విన్న డ్రమ్ము మా తారి. ఇప్పుడు వీధి వీధంతా ఆపి విన్నాం. ఆ ఖాళీలుండాయే, వాటిలోనే ఉండాది నీ పాటంతా. తీసెయ్యొద్దు. మా తారిని గూడా పంపిస్తా, విను."

మగ్గం వేసి, దాని మోత రికార్డు చేసి పంపాడు. ఎవరూ పనిలోకి పోలేదు. వైష్ణవి చెప్పిన గంట గడవడానికి ఇంకా ఏడు నిమిషాలున్నాయనగా ఫోను మోగింది.

"అన్నా, మీ తారి నిమిషానికి ఎన్ని దెబ్బలు?"

"నూట ఇరవై తల్లీ."

"నా పాట నడకా అంతే! తీసెయ్యను."

మూడో నాడు వైష్ణవి కొత్త పాట వచ్చింది. అందులో మగ్గాన్ని కూడా కలిపానని రాసింది. దామోదరన్ ఆత్రంగా, మగ్గం పక్కనే నిలబడి విన్నాడు.

"సుమతీ! ఇందులో యాడా తారి వినపడదే!"

సుమతి వచ్చి స్విచ్చి ఆపింది. మగ్గం ఆగిపోయింది. ఫోనులో మాత్రం తారి ఆడుతూనే ఉంది.