సైజు నార్మల్

మొవ్వలో రోజూ గుడివాడ బస్సెక్కి రెబెకా రెండేళ్లు స్కానింగ్ కోర్సు చదివింది. కాలేజీ బోర్డు మీద మెరిసిపోయే మిషను బొమ్మ ఉండేది. లోపలున్న అసలు మిషనుకు మాత్రం రిజిస్ట్రేషన్ లేదని అధికారులు సీలు వేసి వెళ్లారు. లెక్చరర్ గారు సుద్దముక్కతో కాలేయం గీసి చూపించేవారు. గట్టున కూర్చుని ఈత నేర్చిన మా ఊరి పిల్లకు ఫస్ట్ క్లాసు కూడా వచ్చింది. పొట్ట స్కానింగ్ డాక్టరే చేయాలని చట్టం ఉన్న సంగతి, చేర్చుకునేటప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు పాపం.

బందరులో ఒక స్కానింగ్ సెంటర్లో ఉద్యోగం దొరికింది. "ఇంకో సీసా నీళ్లు తాగండమ్మా" అనడం, పొట్టకు జెల్ రాయడం, తుడవడం, రిపోర్టు టైపు చేయడం ఆమె పని. రిపోర్టు కంప్యూటర్లో ముందే ఉంటుంది, ఆడవాళ్లకొకటి, మగవాళ్లకొకటి. పేరూ వయసూ మారిస్తే సరి. తేడా ఏమైనా ఉంటే డాక్టరు గోవర్ధనరావు గారు చెబుతారు, ఫోను పక్కన పెడితే.

మూడు నెలలుగా అన్నం తింటే చాలు కుడి డొక్కలో పోటొస్తోందని రెబెకా తల్లి మార్తమ్మ అక్కడికే వచ్చింది. డాక్టరు గారు ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఎవరితోనో స్థలం బేరమాడుతూ రెండు నిమిషాల్లో ముగించారు.

"అంతా నార్మలే. టైపు కొట్టెయ్యమ్మా."

'గర్భసంచి: సైజు నార్మల్' అన్న చోట రెబెకా వేళ్లు ఆగిపోయాయి. నోరు తెరిస్తే ఉద్యోగం ఊడొచ్చు. మూసుకుంటే అమ్మ నొప్పి అమ్మకే. ఇక్కడికొచ్చేసరికి కథ చెబుతున్న నాకే నవ్వు రాలేదు, ఒళ్లు మండింది.

"సార్, మా అమ్మకి గర్భసంచి లేదండీ."

"ఎవరు చెప్పారు?"

"పదేళ్ల కిందటే తీసేశారండీ. కింద ఫ్లోర్లో మేడమ్ గారే తీశారు. ఇంకోసారి చూడండి సార్."

మేడమ్ గారంటే డాక్టరు గారి భార్యే. ఫోను టేబుల్ మీదికి దిగింది. మార్తమ్మ మళ్లీ పడుకుంది. ఈసారి డాక్టరు గారు తెర వైపు చూశారు. పిత్తాశయంలో శనగగింజంత రాయి కనిపించింది.

ఆదివారం చర్చిలో మార్తమ్మ సాక్ష్యం చెప్పింది. "ప్రభువు కృప వల్ల మా అమ్మాయి మిషను ముట్టుకోకుండానే నా కడుపులో రాయి పట్టేసిందండీ!"

ఉద్యోగం పోలేదు సరికదా, ఇంకో పని కలిసింది. స్కానింగ్‌కు ముందు ప్రతి ఆడమనిషినీ "గర్భసంచి ఉందా అమ్మా?" అని అడగాలి. మొదటిరోజు తొమ్మిది మందిని అడిగింది. ఐదుగురు లేదన్నారు. వాళ్లలో ముగ్గురి చేతుల్లో ఆపరేషన్ అయ్యాక ఈ సెంటరే ఇచ్చిన పాత రిపోర్టులున్నాయి. గర్భసంచి: సైజు నార్మల్.