ఫాల్గుణంలో డిప్రెషన్

ఆ రోజుల్లో మా ఊళ్లో డిప్రెషన్ అనేది మనుషులకు వచ్చేది కాదు, బంగాళాఖాతంలో వచ్చేది. వచ్చి, వాడరేవు దగ్గరో ఇంకో చోటో ఒడ్డెక్కి, కల్లాల్లో మా మిరపకాయల్ని తడిపి దాని దారిన అది పోయేది. ఇప్పుడు గుంటూరులో మా అపార్ట్‌మెంట్‌లో అది గడపగడపకీ ఉంది. మా అమ్మాయికి నెట్ ఆగితే డిప్రెషన్. కింది ఫ్లాట్ ఇంజనీరుగారు రోడ్డు మీద నీళ్లు నిలిచిన చోటు చూపించి "ఇక్కడ చిన్న డిప్రెషన్ ఉందండీ" అంటారు (మేం గొయ్యి అంటాం, రోజూ అందులోనే పడతాం). ఎవరు ఏ అర్థంలో అన్నా, ఆ మాట వింటే నాకు మా మేనత్త గుర్తొస్తుంది. గుర్తొస్తే కాసేపు ఏ పనీ చేయబుద్ధి కాదు.

అత్త మా నాన్నకు అక్క. పెళ్లయిన ఏడాదికే పుట్టింటికి వచ్చేసింది. ఎందుకొచ్చిందో ఆమె చెప్పలేదు, మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఊరు మాత్రం ఆమెకు 'వాతావరణ కేంద్రం' అని పేరు పెట్టింది. రేడియోలో వార్తలు విని, పెరట్లో నిలబడి గాలి ఎటు తిరిగిందో చూసి, వాన సంగతి తేల్చి చెప్పేది. కల్లాల్లో కాయ ఆరబోసిన రైతులు పొద్దుగూకే వేళకు మా అరుగు దగ్గరకొచ్చేవారు. "ఏమ్మా, పట్టాలు కప్పమంటావా?" "ఇయ్యాల వద్దులే. రేపు పొద్దున కనపడండి, చెబుతా." అంతే, ఊరు నిశ్చింతగా అన్నం తినేది. ఆమెకంటూ ఈ లోకంలో ఉన్న ఆస్తి ఆ పేరొక్కటే. దాన్ని ఆమె బంగారం కన్నా భద్రంగా చూసుకునేది.

నేనేమో అప్పటికి డిగ్రీ పూర్తిచేసి, సర్కారు ఉద్యోగం పరీక్ష మూడోసారి కూడా తప్పి, నడింట్లో నవారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని నెలయింది. (ఆ గోడ మీద సున్నం ఎన్నిచోట్ల పెచ్చులూడిందో ఇప్పటికీ బొమ్మ గీసి చూపించగలను.) తిండి మంచం దగ్గరికే. గడ్డం దానంతట అది పెరిగింది. నాన్న నాతో మాట్లాడటం మానేసి నా చెప్పుల వైపు చూసేవాడు, అవి దుమ్ముపట్టి ఉండేవి. సరిగ్గా అప్పుడు, ఫాల్గుణంలో, అమ్మా అత్తా చీరాలలో పెళ్లికి బయలుదేరారు. నాన్న అప్పటికే మొదటి కోత కాయ లారీకెత్తించుకుని గుంటూరు యార్డుకు వెళ్లి, మార్కెట్ డిప్రెషన్‌లో ఉందని వ్యాపారులంటే అక్కడే చిక్కుకున్నాడు. రెండో కోత కాయ అప్పుడే కల్లంలో పోశారు, ఇంకా పచ్చి ఆరలేదు. అత్త బస్సెక్కుతూ నాకు ఒక్కటే మాట చెప్పింది. "చినుకు పడితేనే కప్పు. ఎండ కాస్తుంటే పట్టా ముట్టుకోబాక."

ఆ సాయంత్రమే టీవీలో డిప్రెషన్ అన్నారు. నేను లేచాను. నెల తర్వాత కాళ్లకు చెప్పులేసుకుని, కల్లానికెళ్లి, కాయంతా ఒక్కడినే కుప్పగా లాగి, పట్టాలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టాను. ఊళ్లో ఎవరూ కప్పలేదు, నేనే కప్పాను కదా అని ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చి మళ్లీ గోడవైపు తిరిగాను. మర్నాడు ఎండ. ఆ మర్నాడు మాడ్చే ఎండ. డిప్రెషన్ ఒడిశా వైపు పోయిందని తర్వాత తెలిసింది. వాన ఎలాగూ వస్తుందిలే అని పట్టా తీయలేదని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను కానీ, నిజం ఏమిటంటే నాకు మంచం దిగబుద్ధి కాలేదు.

మూడోరోజు అత్త బస్సు దిగి, అమ్మను ఇంటికి పంపి, తిన్నగా కల్లానికి పోయి నన్ను పిలిపించింది. పట్టా ఎత్తితే ఇడ్లీపాత్ర మూత తీసినట్టు ఆవిరి కొట్టింది. ఎర్రగా నిగనిగలాడాల్సిన కాయ సగానికి సగం తెల్లబడి తాలయిపోయింది. ఇద్దరం తుమ్ముతూ నిలబడి ఉండగానే నాన్న యార్డు నుంచి వచ్చాడు. కాయ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"నేనే కప్పమన్నా తమ్ముడూ," అంది అత్త. "డిప్రెషనన్నారని చీరాల నుంచి ఫోన్ చేసి చెప్పా. వాడు నేను చెప్పినట్టే చేశాడు."

నాన్న వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోయాడు. ఊరు మాత్రం ఊరుకోలేదు. అరుగు దగ్గరకొచ్చేవాళ్లు తగ్గారు. వచ్చినవాళ్లు కూడా "ఏమ్మా, ఇయ్యాల ఎండలో కప్పమంటావా, వానలో ఆరబెట్టమంటావా?" అని నవ్వడానికొచ్చారు. అత్త కూడా నవ్వేది. రేడియో మాత్రం నెమ్మదిగా పెట్టుకుని వినేది.

"ఎందుకట్టా చెప్పావత్తా?" అని ఆ రోజే అడిగాను.

"కాయ తాలైతే యార్డులో ఎవడో ఒకడు కొంటాడు. నువ్వు తాలైతే నిన్నెక్కడ అమ్మేదిరా?" అంది. మళ్లీ తనే, "నేనూ ఏడాది పడుకున్నాలే, ఆ మంచం మీదే. రేపట్నుంచి కల్లానికి రా, తాలుకాయ ఏరాలి," అంది.

రెండు వారాలు ఏరాను. కూలీ ఆడవాళ్ల వరసలో కూర్చుని, కళ్లూ ముక్కూ ఏకధారగా కారుతుంటే, వాళ్ల వేళాకోళాలకు మొదట ఏడ్చి తర్వాత నవ్వాను. గడ్డం కూడా గీయించుకున్నాను (మిరపఘాటుకు దురద ఆగక). మళ్లీ ఆ మంచమెక్కి గోడ చూడలేదు. ఆ తర్వాత ఉద్యోగమొచ్చింది, పెళ్లయింది. చాలా ఏళ్లకు అత్త పోయింది. కప్పింది నా బుద్ధే అని ఊరికి నేను చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఆమె దినాలకు వెళ్లివచ్చాను.

మొన్న ఫాల్గుణంలో టీవీలో మళ్లీ డిప్రెషనన్నారు. పక్కనే కూర్చున్న నాన్నతో, ఇక దాచలేక, జరిగిందంతా చెప్పేశాను. ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"ఎండలో పట్టా కప్పమనే మనిషంట్రా మా అక్క?" అన్నాడు. "ఆ రోజే తెలుసు."

"మరి ఊరంతా నవ్వుతుంటే ఊరుకున్నావేంటి నాన్నా?"

"ఊరుకోమంది. వాడు లేచి తిరుగుతున్నాడు, అది చాలంది."

ఇన్నేళ్లూ అదొక పెద్ద రహస్యమనీ, ఇంట్లో అందరి కళ్లూ కప్పాననీ అనుకున్న ఆ గడ్డం కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది. నవ్వుతూనే, ఆమె బతికుండగా ఒక్కసారి ఆ అరుగు మీద నిలబడి పదిమందిలో చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.