గంధం రంగు చీర మీద నల్లపోగు

ధర్మవరంలో రామసుబ్బమ్మ నేసిన చీరకు వంక పెట్టినవాళ్లు తక్కువ. అటువంటిది ఆ పొద్దున గంధం రంగు చీర నడుమ నల్లపోగు ఒకటి కనబడేసరికి ఆమెకు ఒళ్లు మండింది. గోటితో గీకింది. రాలేదు. పట్టు ఇచ్చిన యజమానిని నాలుగు తిట్టి, అరుగు మీదున్న మొగుడు గోవిందప్పను కేకేసింది.

"ఈ పోగు తియ్యయ్యా, నాకు చిక్కడంల్యా."

ఆయన వంగి చూశాడు. "యాడుండాదే? చీర శుభ్రంగా ఉండాది."

"ఇదో, ఈడ! కండ్లు పెట్టుకోని చూడు."

"లేని పోగు యాడనుంచి తీద్దునే?"

విసుగ్గా తలెత్తింది రామసుబ్బమ్మ. ఎదుట సున్నం గోడ మీదా అదే పోగు. చూపు ఎటు తిప్పితే అటు ఈదుతోంది. మగ్గంలో అడ్డపోగు విసిరే నాడె చేతిలోంచి జారింది. పోగు చీరలో లేదు, తన కంట్లో ఉంది.

ఆమెకు సుగరు వచ్చి చాలా ఏళ్లయింది. నెలనెలా మాత్రలు చేతిలో పోసినవాళ్లున్నారు గానీ, ఏడాదికోసారి కంటి లోపలి పొర చూపించుకోమని చెప్పినవాళ్లు లేరు. సుగరుంటే కాలి పుండు మానదని అందరికీ తెలుసు. అదే సుగరు కంటి వెనక సన్నటి రక్తనాళాలను నొప్పి కూడా లేకుండా దెబ్బతీస్తుందని ఎందరికి తెలుసు? కళ్లను నమ్ముకుని బతికే మనిషికి ఆ మాట ముందే చెప్పకపోవడం ఎవరి తప్పు? ఆమెది మాత్రం కాదు.

మర్నాడు ఇద్దరూ హిందూపురం రైలెక్కారు. పెనుకొండ దాటాక రామసుబ్బమ్మ మొగుడి వైపు తిరిగింది.

"చూపు పోతే మగ్గం ఏం గావాలయ్యా?"

"నేను నేస్తాలే."

"నువ్వు నేస్తే ఆ చీర ఎవరు కట్టుకుంటారు?" అంది.

కంటి ఆసుపత్రిలో నర్సు మందుచుక్కలు వేసింది. కాసేపటికి ఎదురుగా ఉన్నదంతా మసకబారిపోయింది. "ఉన్న చూపు గూడా పాయె!" అని మొగుడి చెయ్యి పట్టుకుంది. "లోపల చూడ్డానికి వేసే మందమ్మా, సాయంత్రానికి సర్దుకుంటుంది" అని నర్సు నచ్చజెప్పింది.

డాక్టర్ సుచిత్ర లైటు వేసి చాలాసేపు చూసింది.

"నాళం చిట్లి కొంచెం రక్తం కారిందమ్మా. నల్లగా ఈదేది అదే. మెల్లగా ఇంకిపోతుంది. చూపుకు ముఖ్యమైన నడిమి భాగం బాగుంది. మళ్లీ రక్తం కారకుండా లేజరు పెడదాం."

"మగ్గం మీద కూచోవచ్చునా మేడం?"

"లేజరయ్యాక కూర్చోండి. సుగరు, బీపీ అదుపులో ఉండాలి. రమ్మన్నప్పుడల్లా రావాలి."

రామసుబ్బమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నిన్నటి నుంచి గుండె మీదున్న బండ దిగిపోయింది.

గోవిందప్పకు ధైర్యం వచ్చింది. "నాకూ సుగరుండాది మేడం. అయినా చీమ గూడా కనబడ్తాది."

"బాగా కనబడేటప్పుడే చూపించుకోవాలండీ. కనబడకుండా పోయాక వస్తే మేమేం చేయగలం?"

రామసుబ్బమ్మ ఠక్కున లేచి, ఆయన్ను కుర్చీలోకి తోసింది. "చుక్కలెయ్యండి మేడం, నేను పట్టుకోనుంటా."

"ఇద్దరికీ మసకైతే రైలు యాడుండాదో ఎవరు చూస్తారే?"

"సాయంత్రందాకా ఈడే కూచుందాం. ఇంటికాడ నువ్వు నేసేదేముండాది గాని, కండ్లు తెరువు!"